అధ్యక్షుడి యుద్ధంపై చట్టసభ సభ్యుల కేసులు ఎందుకు నిలబడవు?

అమెరికా అధ్యక్షుడు ఎక్కడో ఒక దేశం మీద బాంబులు వేయించగానే వాషింగ్టన్‌లో కొందరు చట్టసభ సభ్యులు లేచి, ‘మమ్మల్ని అడగకుండా యుద్ధం ఎలా మొదలుపెడతారు, ఇది రాజ్యాంగ విరుద్ధం’ అంటారు. ఆ వార్త చదివిన ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే. రాజ్యాంగం అంత స్పష్టంగా ఉంటే కోర్టుకు వెళ్లొచ్చు కదా?

వెళ్లారు. యాభై ఏళ్లుగా వెళ్తూనే ఉన్నారు. వియత్నాం, కంబోడియా, ఎల్ సాల్వడార్, గ్రెనడా, పర్షియన్ గల్ఫ్, కొసొవో, ఇరాక్, లిబియా... అన్నిటి మీదా కేసులు పడ్డాయి. ఒక్కటంటే ఒక్కటి చివరిదాకా నిలబడలేదు.

అయితే వాళ్లు ఓడిపోయిన తీరును కాస్త దగ్గరగా చూడాలి. ‘ఈ యుద్ధం చట్టబద్ధమే, మీ వాదన తప్పు’ అని కోర్టులు తేల్చి చెప్పడం చాలా అరుదు. ఒకసారి ‘ఈ ప్రశ్న కోర్టును అడగకూడదు’ అన్నాయి. ఒకసారి ‘ఇంకా టైం రాలేదు’ అన్నాయి. ఒకసారి ‘అడిగే హక్కు మీకు లేదు’ అన్నాయి. యుద్ధం ముగిశాక ‘ఇప్పుడు అడిగి ఏం లాభం’ అన్నాయి. విడివిడిగా చదివితే ప్రతి కారణమూ సబబుగానే అనిపిస్తుంది. అన్నిటినీ పక్కపక్కన పెడితే మాత్రం, ఒక మనిషి తలచుకుంటే మొదలయ్యే యుద్ధాన్ని చట్టప్రకారం ఆపే దారి దాదాపుగా మూసుకుపోయిందని అర్థమవుతుంది.

రాజ్యాంగంలో ఏముంది

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం 8వ సెక్షన్ యుద్ధం ప్రకటించే అధికారాన్ని కాంగ్రెస్‌కు, అంటే ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన వాళ్ల పార్లమెంటుకు ఇచ్చింది. సైన్యాన్ని సమకూర్చుకోవడం, నౌకాదళాన్ని పోషించడం, దానికి డబ్బు మంజూరు చేయడం కూడా కాంగ్రెస్ పనే. సైన్యానికి ఒక్కసారిగా రెండేళ్లకు మించి నిధులు ఇవ్వకూడదని కూడా అందులోనే రాశారు. రెండో అధికరణం అధ్యక్షుడిని సర్వసైన్యాధ్యక్షుడిగా పేర్కొంది.

1787 ఆగస్టు 17న ఫిలడెల్ఫియాలో, రాజ్యాంగం రాయడానికి కూర్చున్న సభలో దీని మీద చర్చ జరిగింది. ముసాయిదాలో యుద్ధం ‘చేసే’ అధికారం కాంగ్రెస్‌దని ఉంది. దాన్ని ‘ప్రకటించే’ అధికారంగా మార్చాలని జేమ్స్ మాడిసన్, ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ ప్రతిపాదించారు. శత్రువు ఉన్నట్టుండి మీద పడితే తిప్పికొట్టడానికి అధ్యక్షుడు సభ కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదన్నదే వాళ్ల ఉద్దేశం. అధ్యక్షుడికి వాళ్లు వదిలింది ఆ కాస్త జాగా మాత్రమే. ఇవాళ జరుగుతున్నవన్నీ ఆ కాస్త జాగాలోనే పట్టేస్తున్నాయి.

అమెరికా లాంఛనంగా యుద్ధం ప్రకటించడం 1942తోనే ఆగిపోయింది. 1950లో ట్రూమన్ కాంగ్రెస్ అనుమతి లేకుండానే కొరియాకు సైన్యాన్ని పంపారు. వియత్నాంకు, అక్కడ సైనిక బలం వాడే అధికారాన్ని అధ్యక్షుడికి ఇస్తూ కాంగ్రెస్ చేసిన 1964 నాటి టోంకిన్ గల్ఫ్ తీర్మానాన్ని ఆధారంగా చూపించారు. ఆ యుద్ధంతో విసిగిపోయిన కాంగ్రెస్ 1973 నవంబర్ 7న, నిక్సన్ వీటోను మూడింట రెండొంతుల మెజారిటీతో తోసిపుచ్చి యుద్ధాధికారాల చట్టం తెచ్చింది. దాని ప్రకారం సైన్యాన్ని పోరాటంలోకి దింపిన 48 గంటల్లో అధ్యక్షుడు కాంగ్రెస్‌కు నివేదిక ఇవ్వాలి. 60 రోజుల్లోగా అనుమతి రాకపోతే సైన్యాన్ని వెనక్కి పిలవాలి. సురక్షితంగా తీసుకురావడానికి అవసరమైతే ఇంకో 30 రోజులు వాడుకోవచ్చు.

కాగితం మీద గట్టి చట్టమే. కానీ ఆ 60 రోజుల గడియారం తిరగాలంటే చట్టంలోని ఒక నిర్దిష్ట క్లాజు కింద నివేదిక పంపాలి. అధ్యక్షులు నివేదికలైతే పంపుతారు, ఆ క్లాజు పేరు మాత్రం ఎత్తరు. 1975లో కంబోడియా సేనలు పట్టుకున్న మాయాగెజ్ అనే అమెరికా సరుకు నౌక ఉదంతంలో ఫోర్డ్ పంపిన నివేదిక ఒక్కటే దాన్ని ప్రస్తావించింది.

ఒకప్పుడు కోర్టులు తీర్పు చెప్పాయి

యుద్ధం సంగతి కోర్టులకు ఎందుకు అనేవాళ్లకు 1804 నాటి ఒక కేసు గుర్తుచేయాలి. అప్పట్లో ఫ్రాన్స్‌తో అమెరికాకు ప్రకటించని సముద్ర యుద్ధం నడిచింది. ఫ్రెంచి రేవులకు వెళ్తున్న అమెరికన్ ఓడలను పట్టుకోవచ్చని కాంగ్రెస్ చట్టం చేసింది. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ప్రభుత్వం మాత్రం, ఆ రేవుల నుంచి వస్తున్న ఓడలను కూడా పట్టుకోమని నౌకాదళానికి ఆదేశాలిచ్చింది. కెప్టెన్ జార్జ్ లిటిల్ ఆ ఆదేశం ప్రకారమే ‘ఫ్లయింగ్ ఫిష్’ అనే ఓడను పట్టుకున్నాడు. అది ఫ్రెంచి రేవు నుంచి బయటికి వస్తోంది, పైగా డెన్మార్క్ వాళ్లది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. కాంగ్రెస్ గీసిన గీతను దాటి అధ్యక్షుడు ఇచ్చిన ఆదేశం కెప్టెన్‌ను కాపాడదని ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తేల్చారు. కెప్టెన్ నష్టపరిహారం కట్టాల్సి వచ్చింది.

అంటే ఏది కాంగ్రెస్ అనుమతించిన సైనిక చర్య, ఏది కాదు అని తేల్చడం న్యాయమూర్తులకు చేతకాని పని కాదు. ఆ కేసులో నష్టపోయిన ఓడ యజమాని ఎదురుగా ఉన్నాడు. చట్టసభ సభ్యులు వచ్చి ‘మా అధికారం పోయింది’ అన్నప్పుడే చిక్కు మొదలైంది.

1973 ఆగస్టులో ఏం జరిగింది

ఈ కేసులన్నిటిలో గెలుపు అంచుదాకా వెళ్లింది ఒక్కటే. అది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి ప్రతినిధుల సభకు అప్పుడే కొత్తగా ఎన్నికైన ఎలిజబెత్ హోల్ట్జ్‌మన్ వేసిన కేసు.

1973 జనవరిలో పారిస్ శాంతి ఒప్పందం కుదిరింది. మార్చి చివరికల్లా వియత్నాం నుంచి అమెరికా సేనలు వెళ్లిపోయాయి, యుద్ధఖైదీలు ఇంటికి చేరారు. టోంకిన్ తీర్మానాన్ని కాంగ్రెస్ అంతకు రెండేళ్ల ముందే రద్దు చేసింది. అయినా కంబోడియా మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. వెంటనే నిధులు ఆపుతూ జూన్‌లో కాంగ్రెస్ బిల్లు పాస్ చేస్తే నిక్సన్ వీటో చేశారు. దాన్ని తోసిపుచ్చేంత మెజారిటీ దొరకలేదు. చివరికి ఆగస్టు 15 నుంచి నిధులు ఆగిపోయేలా రాజీ కుదిరింది. మరి అప్పటిదాకా పడే బాంబుల మాటేమిటి?

హోల్ట్జ్‌మన్‌తో పాటు కొందరు వైమానిక దళ అధికారులు కూడా కోర్టుకెక్కారు. జూలై 25న జిల్లా జడ్జి ఆరిన్ జడ్, కంబోడియాలో పోరాటానికి కాంగ్రెస్ అనుమతి లేదని తేల్చి, బాంబుదాడులు ఆపాలని ఆదేశించారు. అప్పీల్ కోర్టు వెంటనే స్టే ఇచ్చింది. ఆ స్టే ఎత్తేయమని సుప్రీంకోర్టు న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్‌ను అడిగారు. నిర్ణయం తన ఒక్కడిదే అయితే ఈ దాడులు రాజ్యాంగ విరుద్ధమనే అనుకునేవాణ్నేమో అని రాస్తూనే, ఒక్కడిగా స్టే ఎత్తేయలేనన్నారాయన.

అమెరికాలో ఒక న్యాయమూర్తి కాదంటే ఇంకొకరిని అడిగే వీలుంది. విలియం డగ్లస్ అనే సీనియర్ న్యాయమూర్తి వేసవి సెలవులకు వాషింగ్టన్ రాష్ట్రంలోని కొండల్లో, గూస్ ప్రెయిరీ అనే చిన్న ఊళ్లో ఉన్నారు. లాయర్లు అక్కడికే వెళ్లారు. ఆగస్టు 3న దగ్గర్లోని యాకిమా పట్టణ కోర్టులో ఆయన వాదనలు విన్నారు, మర్నాడు ఉత్తర్వు ఇచ్చారు. దీన్ని ఉరిశిక్ష కేసులా చూడాలన్నది ఆయన వాదన. ఉరికంబం ఎక్కబోయే మనిషి విషయంలో సందేహం ఉంటే ముందు శిక్ష ఆపి, తర్వాత వాదనలు వింటాం. ఇక్కడ చావబోయేది ఎవరో తెలియదు. కంబోడియా రైతు కావచ్చు, అమెరికా పైలట్ కావచ్చు. ఎవరో ఒకరు చావడం మాత్రం ఖాయం. అందుకే ముందు బాంబులు ఆపమన్నారు.

ఆ ఉత్తర్వు కొన్ని గంటలే బతికింది. మార్షల్ మిగతా న్యాయమూర్తులకు ఫోన్లు చేసి, అదే రోజు డగ్లస్ ఉత్తర్వును పక్కన పెట్టేశారు. ఎనిమిది మంది ఒక వైపు, డగ్లస్ ఒక్కడే ఒక వైపు. ఒకచోట కూర్చుని చర్చించకుండా ఫోన్లలో అభిప్రాయాలు సేకరించి ఇలా చేయడం సరికాదని డగ్లస్ అసమ్మతి రాశారు.

రెండు రోజుల తర్వాత, ఆగస్టు 6న, ఒక బీ-52 విమానం కంబోడియాలోని నీక్ లువాంగ్ పట్టణం మీద పొరపాటున బాంబులు కుమ్మరించింది. అది శత్రువుల స్థావరం కూడా కాదు, అమెరికా బలపరుస్తున్న ప్రభుత్వం చేతిలోనే ఉన్న ఊరు. 137 మంది చనిపోయారు. 268 మంది గాయపడ్డారు. ఆగస్టు 8న అప్పీల్ కోర్టు హోల్ట్జ్‌మన్ కేసును కొట్టేసింది. ఇది రాజకీయ ప్రశ్న అంది, పైగా ఆగస్టు 15 రాజీ ద్వారా కాంగ్రెస్ అప్పటిదాకా దాడులకు ఒప్పుకున్నట్టే అని కూడా అంది. ఆగస్టు 15న బాంబులు ఆగాయి, కాంగ్రెస్ డబ్బు ఆపింది కాబట్టి.

డగ్లస్ చేసింది కోర్టు సంప్రదాయానికి విరుద్ధమని అప్పుడూ ఇప్పుడూ చాలామంది అంటారు. న్యాయశాస్త్రం లెక్కలో అది నిజమే కావచ్చు. కానీ ఆయన ఉత్తర్వు నిలబడి, దాన్ని ప్రభుత్వం పాటించి ఉంటే నీక్ లువాంగ్ మీదికి ఆ విమానం వెళ్లేది కాదు. కోర్టు ఈ ప్రశ్నలో తలదూర్చకపోవడం ఎవరి వైపూ మొగ్గకపోవడం కాదని నేను నమ్మడానికి ఆ పట్టణమే కారణం. కోర్టు ఊరుకున్న ప్రతిసారీ అప్పటికే నడుస్తున్న యుద్ధం నడుస్తూనే ఉంటుంది.

ఎన్ని కారణాలో

మొదటిది ‘రాజకీయ ప్రశ్న’ సిద్ధాంతం. కొన్ని విషయాలను రాజ్యాంగం ప్రభుత్వానికీ చట్టసభకూ వదిలేసింది, వాటిని కొలవడానికి న్యాయమూర్తుల దగ్గర కొలబద్ద లేదు అనేది దీని సారం. 1973లోనే 13 మంది ప్రతినిధులు వేసిన మిచెల్ కేసులో కోర్టు ఒక మంచి మాట చెప్పింది. నిధులు మంజూరు చేసినంత మాత్రాన యుద్ధానికి ఒప్పుకున్నట్టు కాదంది. అప్పటికే పోరాటంలో ఉన్న సైనికులకు తిండి, తుపాకులు ఇవ్వొద్దని ఏ సభ్యుడు ఓటేస్తాడు? ఇంత చెప్పీ, నిక్సన్ యుద్ధాన్ని ముగించే తీరు సరైనదో కాదో తాము కొలవలేమంటూ కేసు మూసేసింది. ఎల్ సాల్వడార్‌లో అమెరికా సైనిక సలహాదారుల మీద 1982లో వచ్చిన కేసులో కూడా, అక్కడ నిజంగా పోరాటం జరుగుతోందో లేదో తేల్చే పని తమవల్ల కాదంది కోర్టు.

రెండోది ‘ఇంకా టైం రాలేదు’. 1990 చివర్లో కువైట్ కోసం సీనియర్ బుష్ గల్ఫ్‌లో లక్షల మంది సైనికులను మోహరిస్తుంటే, రాన్ డెలమ్స్ సహా 53 మంది ప్రతినిధులు, ఒక సెనేటర్ కోర్టుకు వెళ్లారు. ఏది యుద్ధమో, ఏది ఉత్త ‘సైనిక దాడి’యో చెప్పాల్సింది తామేనని ప్రభుత్వం వాదించింది. జడ్జి హెరాల్డ్ గ్రీన్ ఆ వాదనను ఒప్పుకోలేదు. పేరు మార్చి పిలిచే హక్కు అధ్యక్షుడికిస్తే, యుద్ధం ప్రకటించే కాంగ్రెస్ అధికారం ఆయన మాటల చాతుర్యం మీద ఆధారపడిపోతుందన్నారు. లక్షల సేనతో ఒక దేశం మీదికి వెళ్తే అది యుద్ధమేనని చెప్పడానికి కోర్టుకు ఇబ్బంది లేదన్నారు. అయితే వచ్చింది 54 మందే, కాంగ్రెస్ మెజారిటీ ఇంకా నోరు విప్పలేదు, అధ్యక్షుడు కూడా తుది నిర్ణయం తీసుకోలేదు, కాబట్టి ఇప్పుడు ఉత్తర్వు ఇవ్వలేనన్నారు.

సాంకేతికంగా ఇది ఓటమే. కానీ నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అతి ముఖ్యమైన తీర్పు ఇదే. కాంగ్రెస్ మెజారిటీ కాదంటే కోర్టు తలుపు తెరుచుకోవచ్చని డిసెంబర్ 13న తీర్పు చెప్పింది. జనవరి 8న బుష్ కాంగ్రెస్ మద్దతు కోరారు. జనవరి 12న సెనేట్ 52-47తో, ప్రతినిధుల సభ 250-183తో అనుమతి ఇచ్చాయి. తీర్పు వల్లే అడిగారని ఎవరూ రుజువు చేయలేరు. కానీ ఓటింగ్ జరిగింది. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో జనానికి తెలిసింది. రాజ్యాంగం కోరింది కూడా అదే.

మూడోది, ఇవాళ అన్నిటికన్నా బలమైన అడ్డుగోడ, విచారణార్హత, అంటే కేసు వేసే హక్కు ఆ మనిషికి ఉందా అన్న ప్రశ్న. దీని మూలం యుద్ధం కేసులో లేదు. బడ్జెట్ అంశాలను అధ్యక్షుడు విడివిడిగా రద్దు చేసే వీలిచ్చిన చట్టాన్ని ఆరుగురు సభ్యులు సవాలు చేస్తే, 1997లో సుప్రీంకోర్టు 7-2తో కొట్టేసింది. మీ ఓటు విలువ తగ్గిందనడం వ్యక్తిగత నష్టం కాదు, అది సభకు జరిగిన నష్టం, సభ మిమ్మల్ని పంపలేదు కదా అంది. రెయిన్స్ కేసుగా పేరుపడిన ఆ తీర్పు తర్వాత విడి సభ్యుల కేసులకు కాళ్లు విరిగినట్టే.

నాలుగోది కాలం చెల్లడం. గ్రెనడా మీద దాడి కేసు అప్పీల్ కోర్టుకు చేరేసరికి యుద్ధం ఎప్పుడో అయిపోయింది. ఈ రోజుల్లో బాంబుదాడులు వారాల్లో ముగుస్తాయి, కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయి. తీర్పు వచ్చేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

1999 ఏప్రిల్ 28

తప్పంతా కోర్టులదే అంటే అన్యాయం అవుతుంది. కొసొవో కథ చూస్తే న్యాయమూర్తులు ఎందుకు వెనకాడతారో అర్థమవుతుంది.

1999 మార్చి 24న, అప్పట్లో కొసొవో భాగంగా ఉన్న యుగొస్లావియా మీద నాటో వైమానిక దాడులు మొదలయ్యాయి. ఏప్రిల్ 28న అమెరికా ప్రతినిధుల సభలో ఒకే రోజు వరసగా ఓటింగ్‌లు జరిగాయి. యుద్ధం ప్రకటిద్దామా? ఇద్దరు అవునన్నారు, 427 మంది కాదన్నారు. పోనీ సేనలను వెనక్కి రప్పిద్దామా? 139 మంది అవునంటే 290 మంది కాదన్నారు. సెనేట్ అంతకుముందే ఆమోదించిన వైమానిక దాడుల అనుమతి తీర్మానాన్ని ఒప్పుకుందామా? 213-213. సమానమైంది కాబట్టి వీగిపోయింది. సభ అనుమతి లేకుండా నేల మీదికి సైన్యాన్ని దింపకూడదనే బిల్లు మాత్రం 249-180తో నెగ్గింది. ఆ తర్వాత మే నెలలో అదే కాంగ్రెస్ యుద్ధ ఖర్చులకు అధ్యక్షుడు అడిగిన దానికన్నా ఎక్కువే ఇచ్చింది.

యుద్ధం వద్దు, ఆపనూ వద్దు, అనుమతి ఇవ్వం, డబ్బులు మాత్రం ఇస్తాం. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. గెలిస్తే మేమే నిధులిచ్చాం అనొచ్చు, బెడిసికొడితే మేం అనుమతివ్వలేదు అనొచ్చు. ఇలాంటి సభను చూసి ఒక జడ్జి ‘కాంగ్రెస్ అభిప్రాయం ఇదీ’ అని ఏం రాయగలడు?

ఆ వెంటనే కాలిఫోర్నియా రిపబ్లికన్ సభ్యుడు టామ్ క్యాంప్‌బెల్ నాయకత్వంలో కొందరు కేసు వేశారు. ఆయన స్వయంగా న్యాయశాస్త్ర ప్రొఫెసర్. ఆ ఓటింగ్‌లకు పట్టుబట్టింది కూడా ఆయనే. సభ ఏదో ఒకటి తేల్చి చెప్పాలని, అప్పుడే కోర్టు వింటుందని ఆయన లెక్క. 60 రోజుల గడువు మే నెలాఖరులో దాటిపోయింది, దాడులు ఆగలేదు. జూన్ 8న జిల్లా కోర్టు కేసు కొట్టేసింది. రెండు రోజులకు యుద్ధమే ముగిసింది.

2000 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు కూడా అదే మాట చెప్పింది. అప్పటికి పిటిషనర్లు 31 మంది. కాంగ్రెస్‌కు చేతినిండా అధికారాలున్నాయి, దాడులను నిషేధిస్తూ చట్టం చేయొచ్చు, నిధులు ఆపొచ్చు, అభిశంసించొచ్చు, ఆ ఓటింగ్‌లో ఓడిపోయినవాళ్లు కోర్టుకొచ్చి గెలవాలనుకుంటే కుదరదు అని జడ్జి లారెన్స్ సిల్బర్‌మన్ రాశారు. ఏది యుద్ధమో కొలిచే ప్రమాణాలే కోర్టుల దగ్గర లేవని విడిగా ఇంకో అభిప్రాయం కూడా జోడించారు. అదే ధర్మాసనంలోని జడ్జి డేవిడ్ టేటెల్ దీన్ని ఖండించారు. ఈ సభ్యులకు విచారణార్హత లేదని ఒప్పుకుంటూనే, కోర్టులు 1800 నుంచీ యుద్ధం ఉందో లేదో తేలుస్తూనే ఉన్నాయి, కొసొవో విషయంలోనూ తేల్చగలవు అన్నారు. సుప్రీంకోర్టు ఈ కేసును విచారణకు తీసుకోలేదు.

పన్నెండేళ్ల తర్వాత లిబియాలో అదే సీను. డెమోక్రాట్ డెన్నిస్ కుసినిచ్, రిపబ్లికన్ వాల్టర్ జోన్స్ సహా పది మంది 2011 జూన్‌లో కోర్టుకు వెళ్లారు. గడువు దాటింది కదా అంటే ఒబామా ప్రభుత్వం ఇచ్చిన జవాబు చాలామందిని విస్తుపోయేలా చేసింది. నేల మీద మన సైనికులు లేరు, మనవాళ్లకు ప్రాణభయం పెద్దగా లేదు, కాబట్టి చట్టంలో చెప్పిన పోరాటం కిందికి ఇది రాదంది. పైనుంచి పడే బాంబులు కింద ఉన్నవాళ్లకు పోరాటం కాకుండా పోతాయా? ప్రతినిధుల సభ మళ్లీ అదే పని చేసింది. జూన్ 24న ఒకే రోజు అనుమతి తీర్మానాన్ని 123-295తో, నిధులకు కత్తెర వేసే బిల్లును 180-238తో తిరస్కరించింది. అక్టోబర్ 20న జిల్లా కోర్టు కేసు కొట్టేసింది. అదే రోజు లిబియాలో గడాఫీ హతమయ్యాడు.

చిక్కుముడి ఎక్కడుంది

‘చట్టం చేసుకోండి’ అన్న కోర్టుల సలహా న్యాయంగానే వినిపిస్తుంది. 1973 చట్టంలో కాంగ్రెస్ అదే రాసుకుంది. రెండు సభలూ మామూలు మెజారిటీతో తీర్మానిస్తే చాలు, అధ్యక్షుడి సంతకంతో పని లేకుండా సైన్యాన్ని వెనక్కి రప్పించొచ్చని పెట్టుకుంది. కానీ 1983లో ఛాధా అనే వలస కేసులో, అధ్యక్షుడి ముందుకు వెళ్లకుండా సభలు చేసే అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో ఆ క్లాజు కోరలు ఊడిపోయాయి. ఇప్పుడు యుద్ధం ఆపమనే తీర్మానాన్ని ఆ యుద్ధం మొదలుపెట్టిన అధ్యక్షుడి దగ్గరికే సంతకానికి పంపాలి.

ఇదేదో ఊహాలోకపు ఇబ్బంది కాదు. యెమెన్ యుద్ధంలో సౌదీ కూటమికి అమెరికా సాయం ఆపాలని 2019లో సెనేట్ 54-46తో, ప్రతినిధుల సభ 247-175తో తీర్మానించాయి. రెండు సభల్లోనూ స్పష్టమైన మెజారిటీ. ట్రంప్ ఏప్రిల్ 16న వీటో చేశారు. తోసిపుచ్చడానికి మూడింట రెండొంతులు కావాలి, సెనేట్‌లో వచ్చింది 53-45. రాజ్యాంగం రాసినవాళ్లు యుద్ధం మొదలవ్వాలంటే మెజారిటీ కావాలన్నారు. ఇప్పుడు ఆపాలంటే మూడింట రెండొంతులు కావాలి. అంకెలు పూర్తిగా తిరగబడ్డాయి. విడి సభ్యులను ‘మీ సభ ఉంది కదా’ అని వెనక్కి పంపే కోర్టులు, సభ చేతిలో మిగిలింది ఏమిటో కూడా చూడాలి కదా.

సైనికుల కేసులకు కొంత ఎక్కువ గౌరవం దక్కింది. వాళ్ల ప్రాణమే పణంగా ఉంది కాబట్టి 1971లో వియత్నాం విషయంలో అప్పీల్ కోర్టు విచారణ జరిపింది. కాకపోతే నిధులు, నిర్బంధ సైనిక సేవ పొడిగింపు లాంటి వాటిని కాంగ్రెస్ అంగీకారంగానే లెక్కేసి కేసు కొట్టేసింది.

జర్మనీలో అలా కాదు

కోర్టులు జోక్యం చేసుకుంటే యుద్ధం మధ్యలో దేశం ఇరుకున పడుతుంది, రహస్య సమాచారం బయటపడుతుంది, సైన్యం ఎవరి మాట వినాలో తెలియక తికమకపడుతుంది అనే భయం ఉత్త సాకు కాదు. కానీ అది అనివార్యం కాదని జర్మనీ అనుభవం చూపిస్తుంది.

అక్కడ రాజ్యాంగ సంస్థల మధ్య తగాదాలు తేల్చడానికి రాజ్యాంగ న్యాయస్థానంలో ప్రత్యేక విచారణ పద్ధతి ఉంది. పార్లమెంటులోని ఒక పార్టీ పక్షం, సభలో మెజారిటీ లేకపోయినా, సభ హక్కుల కోసం కేసు వేయొచ్చు. అమెరికాలో రెయిన్స్ తీర్పు మూసేసిన తలుపు అక్కడ రాజ్యాంగమే తెరిచి ఉంచింది. 1993లో బోస్నియా గగనతలంలో నిఘా విమానాల్లో జర్మన్ సైనికులు పాల్గొనడం మీద కేసు పడింది. వేసినవాళ్లలో ఎఫ్‌డీపీ అనే పార్టీ కూడా ఉంది. అది హెల్ముట్ కోల్ ప్రభుత్వంలో భాగస్వామి, విదేశాంగ మంత్రి ఆ పార్టీ మనిషే! తమ ప్రభుత్వం మీద తామే కోర్టుకెళ్లి చట్టం ఏమిటో తేల్చమన్నారు. సైనికులను వెంటనే ఆపమన్న అభ్యర్థనను కోర్టు ఒప్పుకోలేదు. కానీ 1994 జూలై 12న అసలు తీర్పు ఇస్తూ, సాయుధ దళాలను పోరాటానికి పంపాలంటే పార్లమెంటు అనుమతి, మామూలుగా ముందస్తు అనుమతి, ఉండి తీరాలంది. 2008లో ఇంకో అడుగు ముందుకేసి, 2003 ఇరాక్ యుద్ధ సమయంలో టర్కీ ఆకాశంలో నిఘా విమానాలను అనుమతి లేకుండా పంపడం తప్పని తేల్చింది.

దాంతో జర్మనీ చేతులు కట్టేసినట్టు అయిందా? కాలేదు. కొసొవోకు, ఆఫ్ఘనిస్థాన్‌కు సైన్యాన్ని పంపింది, ఓటింగ్ పెట్టి పంపింది. 2001 నవంబర్‌లో ఆఫ్ఘనిస్థాన్ ఓటును ఛాన్సలర్ ష్రోడర్ విశ్వాస పరీక్షగా మార్చారు. కావలసింది 334, వచ్చింది 336. ముగ్గురు తేడా పడితే ప్రభుత్వమే ప్రమాదంలో పడేది. సైనికుల ప్రాణాల మీద నిర్ణయం తీసుకునేటప్పుడు ప్రభుత్వానికి ఆ మాత్రం టెన్షన్ ఉండటం అవసరమని నా అభిప్రాయం.

మన దేశం సంగతి వేరు. భారత రాజ్యాంగం యుద్ధ ప్రకటనకు పార్లమెంటు ఓటు అవసరమని ఎక్కడా చెప్పదు. 53వ అధికరణం రక్షణ దళాల అత్యున్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది, ఆచరణలో అది మంత్రిమండలి నిర్ణయం. 1987లో శ్రీలంకకు శాంతి సేన వెళ్లింది ప్రభుత్వాల మధ్య ఒప్పందంతోనే తప్ప పార్లమెంటు ముందస్తు ఓటుతో కాదు. కాబట్టి అమెరికా తరహా కేసు ఇక్కడ వేయడానికి పునాదే లేదు. అక్కడ పునాది ఉండి కూడా ఇల్లు లేవడం లేదు.

ఇక మిగిలిన దారి

2025 జూన్ 22న ఇరాన్‌లోని ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ అణుకేంద్రాల మీద అమెరికా దాడి చేసింది. కాంగ్రెస్ అనుమతి లేకుండా ఇకముందు దాడులు చేయకూడదనే తీర్మానం అయిదు రోజులకు సెనేట్‌లో 47-53తో వీగిపోయింది. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి మాదకద్రవ్యాలు తరలిస్తున్నాయంటూ కరీబియన్ సముద్రంలో పడవల మీద దాడులు మొదలైతే, 60 రోజుల గడువు విషయంలో లిబియా నాటి వాదనే మళ్లీ వినిపించింది. పార్టీలు మారినా వాదన మారలేదు. ఒక అధ్యక్షుడి న్యాయసలహాదారు రాసిపెట్టిన మినహాయింపు తర్వాతి అధ్యక్షుడికి వారసత్వంగా దక్కుతుంది. దాన్ని కొట్టేసే తీర్పు ఏదీ లేదు కాబట్టి అది పెరుగుతూనే ఉంటుంది. కోర్టులు మాట్లాడకపోవడం వల్ల జరిగే అసలు నష్టం ఇదే.

ఇప్పటి న్యాయసూత్రాల లోపల ఒక దారి ఇంకా మూసుకుపోలేదు. రెయిన్స్ తీర్పు విడి సభ్యులను ఆపింది, సభను కాదు. 2015లో అరిజోనా చట్టసభ మొత్తంగా వేసిన కేసుకు విచారణార్హత ఉందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. సరిహద్దు గోడకు ట్రంప్ నిధులు మళ్లించినప్పుడు ప్రతినిధుల సభ సంస్థగా కేసు వేయొచ్చని 2020లో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు చెప్పింది. తర్వాత ఆ వివాదానికి కాలం చెల్లడంతో ఆ తీర్పును పక్కన పెట్టారు, కానీ అందులోని తర్కం తప్పని ఎవరూ తేల్చలేదు. మెజారిటీ నోరు విప్పితే కోర్టు వినగలదన్న గ్రీన్ తీర్పు, యుద్ధం ఉందో లేదో తేల్చగలమన్న టేటెల్ అభిప్రాయం ఎలాగూ ఉన్నాయి. ప్రతినిధుల సభ మెజారిటీతో ‘ఈ యుద్ధానికి మేం అనుమతి ఇవ్వలేదు’ అని స్పష్టంగా తీర్మానించి, నిధులు కూడా ఇవ్వకుండా, సభ పేరు మీద లాయర్‌ను పంపితే ఏ జడ్జికైనా పాత కారణాలు చెప్పి కొట్టేయడం కష్టమవుతుంది.

రెండో దారి కోర్టుల అవసరమే తగ్గించేది. క్రిస్ మర్ఫీ, మైక్ లీ, బెర్నీ శాండర్స్ 2021లో సెనేట్‌లో ఒక బిల్లు పెట్టారు. ఒకరు డెమోక్రాట్, ఒకరు రిపబ్లికన్, ఒకరు స్వతంత్రుడు. పోరాటం అంటే ఏమిటో నిర్వచించడం, గడువును 60 నుంచి 20 రోజులకు తగ్గించడం, గడువు దాటితే ఎవరూ ఓటేయనక్కర్లేకుండా నిధులు వాటంతట అవే ఆగిపోవడం అందులో ముఖ్యాంశాలు. కంబోడియాలో బాంబులను చివరికి ఆపింది కూడా నిధులు ఆగిపోవడమే కదా. ఆ బిల్లు పాస్ కాలేదు. యుద్ధం మీద తేల్చి చెప్పమంటూ ప్రతినిధుల సభ గానీ సెనేట్ గానీ సంస్థగా కోర్టు మెట్లెక్కిన దాఖలా కూడా లేదు. యాభై ఏళ్లుగా వెళ్లినవాళ్లంతా సభలో ఓటు గెలవలేని విడి సభ్యులే.